కోనేటి పాచి

కోనేటి మెట్టుమీద కాలు జారనివారు మన సీమలో అరుదు. ఆ జారుడునకు కారణమైన పచ్చని జిగురును కొందరు పాచి యందురు, కొందరు నాచు అందురు. నీటిపై తెట్టెగా తేలునది యొకటి, రాతికి అంటుకొని వెండ్రుకలవలె అల్లాడునది వేరొకటి, నీరంతయు పచ్చిపులుసువలె చిక్కబడునట్లు చేయునది మరియొకటి. పేర్లు ఊరూరికి మారును. కాని వేసవి సమీపించినప్పుడు గ్రామపెద్దల యెదుటికి వచ్చు ప్రశ్న మాత్రము మారదు: ఈ పాచిని వదలించుటెట్లు? ఏ మందు చల్లవలెను? చల్లినచో ఆ నీటిని త్రాగు పశువుల గతి యేమి?

పెద్దలారా! ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నీటిని ఒకచోట నిలువజేయ నేర్చిన నాటినుండియు మానవుడు పాచితో పోరాడుచునే యున్నాడు. ఆ పోరాటపు చరిత్రను, మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములను విడువకుండ, కొంచెము దూరదేశములకు కూడ పోయి, నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట పాచి నిలువని నీటిని గూర్చి చెప్పెదను. నంద్యాలకు సుమారు 10 మైళ్ల దూరమున నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము కలదు. ఆలయ శిఖరము బాదామి చాళుక్యుల నాటి శైలిని చూపుచున్నది. దేవుని సన్నిధినుండి ఉబికి వచ్చు జల పుష్కరిణిలో నిండి, అక్కడనుండి వెలుపలి గుండములకు, తరువాత పొలములకు పోవుచున్నది. పుష్కరిణి ఇంచుమించు 60 అడుగుల చదరము. లోతు 5 అడుగులు. అడుగున పడిన గుండుసూది కూడ కనబడునని జనులు చెప్పుకొందురు. చలికాలమున గోరువెచ్చగను, వేసవిలో చల్లగను తోచును. నీటి వేడిమి యేడాది పొడుగున ఇంచుమించు ఒక్కతీరుగ నుండగా, బయటి గాలియే మారుచుండుటచేత మనకట్లు తోచుచున్నది.

దేవుని మహిమను గూర్చి తర్కించుట నా పని కాదు. నీటి లెక్క మాత్రము చూతము. 60 అడుగుల చదరమును 5 అడుగుల లోతును గుణించినచో 18,000 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,12,000 గ్యాలనులు అగును. ఊట నుండి సెకనునకు ఒక్క ఘనపుటడుగు చొప్పున మాత్రమే నీరు వచ్చుచున్నదనుకొన్నను, 5 గంటలలో పుష్కరిణి యంతయు మారిపోవును. దిగువను సుమారు 2000 ఎకరములు ఈ నీటితో సాగగుచున్నవని వాడుక. అంత భూమికి పారు నీరు సెకనునకు ఒక్క అడుగుతో సరిపోదు గదా! కాబట్టి పుష్కరిణి నీరు కొన్ని గడియలలోనే మారుచుండవలెను. నీటిలో తేలుచు పెరుగు పాచి యొకటి రెండగుటకు మంచి ఎండలో కూడ పలు గంటలు పట్టును. సాధారణముగ ఒకటి రెండు దినములు పట్టును. అది తన సంతతిని పెంచుకొనులోపలనే ప్రవాహము దానిని బయటకు నెట్టివేయుచున్నది. ఇక మెట్లకు అంటుకొను నాచు ప్రవాహమునకు లొంగదు. దానికి కొబ్బరి పీచును, చీపురును, ఓపికయు కావలెను.

అన్ని కోనేళ్లకును ఇట్టి ఊట యుండదు. అహోబిలమున భవనాశిని కొండ దిగి పారునంతకాలము నిర్మలముగనే యుండును. ఏ వాగునందైనను పారుదల సన్నగిల్లి నీరు మడుగులుగా తెగినప్పుడు, ఆ మడుగులలో పచ్చదనము పుట్టును. వాన నీటితో నిండి, ఎండకాలమునకు మోకాలి లోతునకు దిగు గుడి కోనేళ్ల సంగతి చెప్పనక్కరయే లేదు.

మన పూర్వులు నిలువ నీటిని గూర్చి యోచింపలేదని యెవరైన అనినచో, వారిని పోరుమామిళ్లకు పంపవలెను. ఆళ్లగడ్డకు తూర్పుగ, నేటి కడప జిల్లాలో ఉన్న ఆ యూరిచెరువునకు అనంతరాజసాగరమని పేరు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. రెండేండ్లు దినమునకు వేయిమంది కూలీలును, కట్టకు రాయి తోలుటకు నూరు బండ్లును పనిచేసినట్లు అందున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, ఆరు దోషములను కూడ ఆ శాసనము లెక్కించుచున్నది. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి యేరు మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మొదలగునవి దోషములు. ఈ ఆరింటిలో పాచి లేదు. పాచి చెరువు కట్టుటలోని దోషము కాదనియు, కట్టిన తరువాత కాపాడుటలోని దోషమనియు వారు భావించి యుందురని నా యూహ. కాపాడుటకు వేరే యేర్పాటుండెను. చెరువు మరమ్మతు చేయువానికి దశబంధమను మాన్యమిచ్చు ఆచారము మన రాయలసీమ జిల్లాలలో చిరకాలము నడచినది. పూడిక తీసినచో చెరువులో నీరు పెరుగుటయే గాక, పాచికి ఆహారమైన అడుగు బురద కూడ పోవును. ఈ రెండవ లాభమును పూర్వులు ఏ పేరుతో పిలిచిరో గాని, బురదను బండ్లకెత్తి పొలములకు తోలుకొనుచుండిరి. అది యెరువని వారికి తెలియును.

మందుల విషయము చూతము. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు చెడిన బావినీటికి చికిత్స చెప్పినాడు. అంజనము, తుంగముస్తలు, వట్టివేళ్లు, ఉసిరిక మొదలగువాని పొడిని చిల్లగింజలతో కలిపి బావిలో వేయుమనినాడు. చిల్లగింజను సానమీద అరగదీసి బిందెలో కలుపుట మన యిండ్లలో మొన్నమొన్నటివరకు ఉన్న పనియే. ఆ గింజలోని జిగట పదార్థము నీటిలోని సన్నని మంటిరేణువులను ఒకదానితో ఒకటి అంటించి బరువెక్కించి అడుగునకు దింపును. మంటితో కూడ సూక్ష్మజీవులు కొన్ని దిగును. దిగునే గాని చావవు. తేటగా నున్న నీరెల్ల మంచి నీరు కాదను సంగతి ఇక్కడనే మనము గట్టిగా పట్టుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దము నేర్పిన పాఠము అదియే.

1884లో జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కోక్ కలకత్తాలో విషూచిని పరిశోధించుచుండెను. ఒక చెరువు చుట్టును నివసించు జనులలో ఆ జాడ్యము పుట్టగా, ఆ చెరువు నీటిలోనే అతడు కామా గుర్తువలె వంగియున్న క్రిమిని కనిపెట్టెను. ఆ నీటిలోనే రోగుల బట్టలు ఉదుకుచుండిరి, ఆ నీటినే త్రాగుచుండిరి. కొంతకాలమునకు ఆగ్రాలో హాంకిను అను రసాయన పరీక్షకుడు బావులలో పర్మాంగనేటు వేయు పద్ధతిని వ్యాపింపజేసెను. నీరు గులాబిరంగుగా మారుట మన తాతలు చూచియుందురు. తరువాత వచ్చిన బ్లీచింగు పౌడరు దానిని వెనుకకు నెట్టినది. కాని ఒక మాట: పచ్చగా పాచిపట్టిన నీటిలో బ్లీచింగు పౌడరు వేసినచో, దాని బలమంతయు పాచిని కాల్చుటకే వ్యయమై, రోగక్రిమికి మిగులునది స్వల్పము. అందుచేత పాచినీటిలో గుప్పెడు పౌడరు చల్లి, పని ముగిసినదని లెక్కలో వ్రాసికొనుట వలన ప్రయోజనము తక్కువ.

విషూచికంటె నెమ్మదిగా చంపక బాధించునది నారికురుపు. వృద్ధులైన శ్రోతలకు దీనిని నేను వర్ణింపనేల? కాలినుండి మూరెడుకు పైగా తీగవలె వెలువడు పురుగును పుల్లకు చుట్టుచు దినదినము అంగుళము చొప్పున లాగుచు, పంటకాలమంతయు మంచమున పడియుండు రైతులను మీలో కొందరు చూచియే యుందురు. 1870లో ఫెద్చెంకో అను రష్యా శాస్త్రజ్ఞుడు, ఆ పురుగు పిల్లలు నీటిలోని కంటికి కనబడీ కనబడని నీటిపురుగు కడుపులో పెరుగునని కనుగొనెను. రోగి దిగుడు బావిలోనికి దిగి కాలు నీట నుంచునప్పుడు పురుగు తన పిల్లలను విడుచును; నీటిపురుగు వానిని మ్రింగును; దానిని మనము నీటితో మ్రింగుదుము. మందు లేదు, టీకా లేదు. దిగుడు బావులను చేదబావులుగా మార్చుట, నీటిని బట్టతో వడియగట్టుట, రోగిని నీట దిగనీయకుండుట, నీటిపురుగును చంపు మందు కొలతతో వేయుట: ఇంతమాత్రముచేతనే ఆ జాడ్యము దేశమును విడిచిపోయినది. ఆంధ్రదేశముతో కూడ ఏడు రాష్ట్రములలో ఉండిన నారికురుపు కడపటిసారి 1996లో రాజస్థానమున కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమునకు విముక్తి పత్రమిచ్చెను. బట్టతో వడియగట్టుట పాతకాలపు చాదస్తమని నవ్వువారికి మరియొక సంగతి: 2003లో ప్రకటింపబడిన పరిశోధనలో, బంగ్లాదేశపు పల్లెలలో పాతచీరను మడతలు పెట్టి నీరు వడియగట్టిన యిండ్లలో విషూచి సుమారు సగము తగ్గెను. విషూచి క్రిమి నీటిపురుగుల నంటిపెట్టుకొని యుండుటయే కారణము. క్రొత్తచీరకంటె నలిగిన పాతచీరయే మేలు; ఉతుకగా ఉతుకగా నూలు ఉబ్బి రంధ్రములు సన్నబడును.

ఇక పాచినే గూర్చి. మనము పాచి యనునదంతయు ఒక జాతి కాదు. కొంత నిజముగ మొక్కల దాయాది. కొంత మొక్కయే కాదు, ఆకుపచ్చ నీలపు రంగుగల బ్యాక్టీరియా. నీటిపై రంగు చల్లినట్లు తెట్టెగట్టి, ఎండలో కుళ్లి దుర్గంధమిచ్చునది సాధారణముగ ఈ రెండవజాతి. దీనిలో కొన్ని విషమును పుట్టించును. 1878లో ఆస్ట్రేలియాలో జార్జి ఫ్రాన్సిసు అనునాతడు, అలెగ్జాండ్రీనా అను సరస్సున ఇట్టి తెట్టెను త్రాగిన గొఱ్ఱెలు, గుఱ్ఱములు, పశువులు కొన్ని గంటలలో చచ్చుటను వ్రాసి లోకమునకు తెలిపెను. గాలి తెట్టెనంతయు ఒక ఒడ్డునకు నెట్టుచుండును. పశువు త్రాగునది ఆ యొడ్డునే. కావున చెరువుపై రంగుతెట్టె కనబడిన దినములలో మందను ఎదురు ఒడ్డునకు, లేదా బావి తొట్టికి తోలుట మంచిది. కాచినంతమాత్రమున ఆ విషము పోదు.

చంపరాదా యందురు. 1904లో అమెరికాలో మూర్, కెల్లర్‌మను అను ఇరువురు, మైలుతుత్తము అత్యల్ప ప్రమాణమున నీటిలో కలిపినచో పాచి చచ్చునని చూపిరి. అప్పటినుండి పట్టణపు జలాశయములలో ఆ పద్ధతి నడచుచున్నది. కాని పట్టణములలో నీటిని కొలిచి, పరీక్షించి, మోతాదు నిర్ణయించువా రుందురు. పల్లెలో ఒకరు గోనెసంచితో చల్లుదురు. చల్లినచో జరుగునది యేమి? పాచి యంతయు ఒక్కమారుగా చచ్చును. చచ్చిన పాచి కుళ్లుచు నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవారునప్పటికి చేపలు వెల్లకిల తేలును. విషజాతి పాచి యైనచో, బ్రతికియున్నప్పుడు తన లోపల దాచుకొన్న విషమును చచ్చునప్పుడు నీటిలోనికి విడుచును. మన ప్రాంతమున మరియొక చిక్కు కలదు. బేతంచెర్ల నాపరాయి దేశమున నీరు సున్నము కలిసిన గట్టినీరు. అట్టి నీటిలో తుత్తము త్వరగా విరిగి అడుగున బురదలో చేరును. పని తక్కువ, నిలువ ఎక్కువ. ఈ యేడు, మరుసటి యేడు, ఆ పైయేడు వేయుచుపోయినచో రాగి బురదలో పోగుపడును. ఆ బురదనే మనము పొలమునకు తోలుకొందుము!

పాచి చచ్చినను మరల వచ్చుట యేల? దీనికి సమాధానము సురేకారమునుండి మొదలగుచున్నది. పశువులపాక గోడలకు, పాతగ్రామపు దిబ్బలకు తెల్లగా పూచు సురేకారమును ఉప్పరులు గోకి కాచి తీయుచుండిరి. తుపాకిమందుకు అది కావలసి యుండెను. మూత్రము, పేడ, కుళ్లిన పదార్థములు సురేకారముగా మారుట బ్యాక్టీరియాల పనియని 1877లో ఫ్రాన్సు దేశపు శ్లోసింగు, ముంట్జు అనువారు నిరూపించిరి. కోనేటిలో వేసిన పూలు, పత్రి, కొబ్బరి, అన్నము, ఉతికిన బట్టల మురికి కుళ్లి చివరకు అట్టి లవణములే యగుచున్నవి. పొలమునకు అవి యెరువు, పాచికిని యెరువే. వీనితోపాటు భాస్వరము కావలెను. 1973లో కెనడాదేశమున షిండ్లరు అను శాస్త్రజ్ఞుడు ఒక సరస్సును నడుమ తెరతో రెండుగా విభజించి, రెండు భాగములలోను నత్రజనిని, కర్బనమును వేసి, ఒక భాగమున మాత్రము భాస్వరము కూడ చేర్చెను. ఆ భాగమే పచ్చబడెను. తెర కావలి యొడ్డున నీరు తేటగనే యుండెను. సబ్బుపొడులలో భాస్వరము వద్దని పెక్కు దేశములు శాసించుటకు ఇట్టి ప్రయోగములే కారణము.

ఇప్పుడు మీకు వింతగా తోచు ఒక సంగతి. సముద్రపు నీటిని అద్దపు తొట్టెలో పోసి, అందు చేపలను, పగడపు జీవులను పెంచు విద్య యొకటి కలదు. మన కోనేటి కష్టమంతయు అందు గుప్పెడు నీటిలో కనబడును. 1846లో ఆనా థిను అను ఆంగ్లేయ వనిత పగడపు జాతి జీవులను సముద్రతీరమునుండి లండనునకు తెచ్చెను. ఆమె యింటి దాసి దినమునకు ఎన్నోమారులు ఆ నీటిని కిటికీ యొద్ద ఒక పాత్రనుండి మరియొక పాత్రకు పోయుచుండెడిది, గాలి కలియుటకు. ఆ దాసి పేరు చరిత్రకెక్కలేదు. తరువాత ఆమె తొట్టెలో సముద్రపు నాచును చేర్చి, ఆ శ్రమను తగ్గించెను. 1850 నాటికి వారింగ్టను అను రసాయనజ్ఞుడు పాచిని తినుటకు నత్తలను వదలెను. 1853లో లండను జంతుశాలలో మత్స్యగృహము తెరువబడగా, ప్రతి యింటను తొట్టె పెట్టు వేలంవెఱ్ఱి పుట్టి, నీరు పచ్చబడి కుళ్లిన కొలది చల్లారెను. లాయిడు అనునాతడు ఒక ఉపాయము పన్నెను: చూపు తొట్టెలకంటె ఎన్నోరెట్లు పెద్దదైన చీకటి నేలమాళిగ తొట్టెలో సముద్రపు నీటిని నిలువచేసి, దానిని పైతొట్టెలకు త్రిప్పుచుండుట. చీకటిలో పాచికి బ్రతుకు లేదు. 1871లో లండను స్ఫటిక భవనమున ఆ యేర్పాటు జరిగెను. మన చెన్నపట్టణమున సముద్రపుటొడ్డున 1909లో థర్‌స్టను యోచనచే చేపలశాల తెరువబడెను. దేశములో అదియే మొదటిది. ఉత్సాహముతో చూచివచ్చిన తెలుగువారు ఎందరో.

ఆ విద్యలో నేటివరకు తెగని వివాదమే మన వివాదము కూడ: మందు వేయుటయా, మేత మాన్పుటయా? పగడపు తొట్టెలో రాగి వేసినచో పాచితోపాటు పగడము, నత్త, రొయ్య అన్నియు చచ్చును. ఎఱ్ఱని జిగురుతెట్టె యొకటి పుట్టును. అదియు బ్యాక్టీరియాయే గనుక కొందరు రోగులకిచ్చు క్రిమినాశక మందులను వేయుదురు. తెట్టె మాయమగును, కాని మురికిని హరించు మంచి బ్యాక్టీరియా కూడ దెబ్బతినుటయు కలదు, మేత తగ్గనిచో తెట్టె మరల వచ్చును. అంతకంటె వింత, పగడపు శరీరములోనే సూక్ష్మమైన పాచి కాపురముండి దానికి ఆహారము నిచ్చుచున్నది! పాచినెల్ల నిర్మూలింతునని శపథము చేసినవాడు పగడమునే చంపుకొనును. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగు అను నాతడు, సముద్రమునుండి జీవులతో నిండిన పగడపు రాళ్లను తెచ్చి తొట్టెలో ఉంచి, ఆ జీవులచేతనే నీటిని శుభ్రపరచు పద్ధతిని ప్రకటించెను. నేటి పగడపు తొట్టెలవా రెందరో ఆ దారినే నడచుచు, మేత కొలచి వేయుచు, కొంత నీటిని నియమముగ మార్చుచు, తమ చేతులతో నాచును పెరికివేయుచున్నారు. చేపలకు మేత హెచ్చుగా వేయుట వారికి కలుగు ముఖ్య కష్టమట. ప్రేమచేతనే వేయుదురు. కోనేటిలో పూలు వేయువారును భక్తిచేతనే వేయుచున్నారు.

కాబట్టి ఊరి కోనేటికి చేయదగినది నా యెరుకలో ఇది. పూలకు, పత్రికి మెట్లవద్ద ఒక తొట్టె కట్టించి, అందు చేరినదానిని ఎరువుగుంటకు పంపుట. ఆళ్లగడ్డలో రాతిపని నేర్చినవారు ఇందరుండగా ఒక తొట్టె చెక్కించుట కష్టము కాదు. సబ్బుపని కోనేటికి దూరముగ, పారుదల పల్లమునకు పోవునట్లు ఉంచుట. వేసవిలో నీరు అడుగంటినప్పుడు మిగిలిన దానిని తోడించి, బురదనెత్తి, మెట్లను గోకి సున్నము పూయుట. తెట్టెను గుడ్డవలతో ఒడ్డునకు లాగి ఎత్తివేయుట; ఎత్తినది గట్టుమీదనే విడిచినచో మొదటివానకు తిరిగి లోనికే చేరును. త్రాగునీటికి కోనేటిని నమ్మక, మూతగల బావిని వేరుగ నుంచి, దానికి మాత్రమే క్లోరిను కొలతతో వేయుట. చేపలను వదలుడని చెప్పువారున్నారు. 1959లో మన దేశమునకు వచ్చిన వెండిగండె వంటివి పాచిని కొంత తినును. బొచ్చె మాత్రము పాచిని మేయు నీటిపురుగులను తినును గనుక, దానిని వదలినచో పాచి యొక్కొకప్పుడు హెచ్చును. చేప పేరు తెలియక వదలుటకంటె వదలకుండుటయే మేలు.

వీనిలో ఏదియు ఒక్కరోజు పని కాదు, మైలుతుత్తపు సంచికంటె ఖర్చు తక్కువయు కాదు. గోకుటకు మనుష్యులు కావలెను, వారికి కూలి యియ్యవలెను. దశబంధపు మాన్యములు లేని యీ కాలమున ఆ కూలి యేపద్దున వ్రాయవలెనో పంచాయతీ పెద్దలు ముందుగ నిర్ణయింపవలసియుండును.

మహానందిలోనైనను వెలుపలి గుండములలో వేలమంది స్నానము చేయుచునే యున్నారు. ఆ మురికి యేమగుచున్నది? నిలువక, కాలువవెంట పోయి, దిగువ వరిమళ్లను, అరటితోటలను చేరుచున్నది. కోనేటిలో పాచి కాదగిన నత్రజని అక్కడ అరటియాకై పెరుగుచున్నది.